శంఖం శ

గుంటూరు కొత్తపేట, మునిసిపల్ హైస్కూలు,
తొమ్మిదో తరగతి బి సెక్షన్.
సుద్దముక్కల డబ్బానే మా బ్యాలెట్ పెట్టె.
తోలుబంతి తెప్పిస్తానని సుదర్శనమూ
కుండలో నీళ్లు అయిపోనివ్వనని నేనూ
బల్లలెక్కి వాగ్దానాలు చేశాం.
మృగశిర వచ్చినా ఎండ తగ్గని ఏడు అది.
మూడు ఓట్ల తేడాతో
దాహం గెలిచింది, నేను కాదు.

రేకు బ్యాడ్జీ ఒకటి ఇచ్చారు.
పిన్నీసు తుప్పు జేబు మీద మరక కట్టింది.
ఆ మరకను అమ్మ చేత
ఉతకనివ్వలేదు చాన్నాళ్లు.

లీడరంటే ఏం పని?
పొద్దున్నే బోర్డు కుడిమూల హాజరు వేయడం,
మొత్తం నలభై నాలుగు, వచ్చినవాళ్లు ఇంతమంది.
డస్టరు కిటికీ ఊచలకేసి దులపడం.
ఆగస్టు పదిహేనుకి రంగుకాగితాల జెండాలు,
వాటికి మైదాపిండి ఉడకబెట్టి
పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలపడం.
గోడపత్రికలో నా కథే
అందరి కళ్లకీ అందే ఎత్తులో అంటించుకోవడం.
ఇవన్నీ ఒకెత్తు.
మాస్టారు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు
బోర్డు మీద రాయడం ఒకెత్తు.

సుద్దముక్క చేతికొస్తే ఎంత రుచిగా ఉండేదో!
పేరు పక్కన ఒక ఇంటూ.
మళ్లీ నోరు విప్పితే ఇంకో ఇంటూ.
వేయించిన వేరుశనక్కాయలు పెట్టినవాడికి
ఒక ఇంటూ మాఫీ.
యలమంద పేరైతే
వాడు మాట్లాడకముందే రాసి ఉంచేవాణ్ణి.

శౌరయ్యది చివరి బల్ల, గోడవార.
వాళ్లమ్మ పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు.
వాడి సంచిలో పుస్తకాలకి కూడా అదే ఘాటు.
పక్కన కూర్చున్నవాళ్లు తుమ్మేవాళ్లు.
తుమ్మినవాళ్ల పేర్లు రాశాను గానీ
వాడి పేరు రాసే అవసరం రాలేదు.
హాజరు పిలుపులో కూడా
"సౌరి" అని సగంలో వదిలేసేవారు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం
లెక్కల మాస్టారు విస్సంరాజుగారు ఆఫీసుకెళ్లగానే
వాడే లేచి బోర్డు దగ్గరికొచ్చాడు.

"నా పేరు రాయరా, ఓసారి."
"నువ్వు మాట్లాడలేదుగా."
"ఇప్పుడు మాట్లాడుతున్నాగా."

నవ్వుకుంటూ రాశాను: సౌరయ్య.
వాడు అరచేత్తో మొదటి అక్షరం తుడిచేసి
"శంఖం శ రా" అన్నాడు.
నా చేతిలో సుద్ద తీసుకుని
తీరిగ్గా, నిండు గ్లాసు మోసుకెళ్తున్నట్టు
ఒలక్కుండా వంపు తిప్పి దిద్దాడు.
రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.
అంత గోల క్లాసూ
చప్పుడు చేయలేదు.

మాస్టారొచ్చి జాబితా చదివారు.
"శౌరయ్యా? నువ్వా?"
వాడు చెయ్యి చాచాడు.
బెత్తం పడితే అరచేతిలోని సుద్దపొడి
పొగలా లేచింది.
నేను చెప్పి ఉండొచ్చు.
లీడరు రాసింది తప్పని
లీడరే ఎలా చెప్తాడు?

క్రిస్మస్ సెలవులయ్యాక వాడు రాలేదు.
మూడు వంతెనల దగ్గర
బేళ్ల బండిని వెనకనుంచి తోస్తుంటే చూశానని
యలమంద చెప్పాడు.
ఆ మాట చెప్పినప్పుడు మాస్టారు లేరు,
అయినా వాడి పేరు రాయలేదు నేను.

నెలాఖర్న రిజిస్టరులో ఎర్రసిరా గీత గీసి
మాస్టారు బోర్డు వైపు చూపించారు.
నలభై నాలుగు చెరిపాను.
జూన్ నుంచీ రోజూ అక్కడే దిద్దిన అంకె,
డస్టరుకి పోలేదు.
కుండలో గుడ్డ ముంచి తుడిచి
తడి ఆరేదాకా ఆగి
నలభై మూడు రాశాను.

ఏడాది నాయకత్వంలో
నేను తెచ్చిన మార్పు అదొక్కటే.
కుండ మాత్రం
ఏ రోజూ ఖాళీ కానివ్వలేదు.
ఆ మాట తప్పలేదు.